పాత కారును విప్పేయకండి, నడపండి

పాత కారు కొన్నవాళ్లు సలహా అడిగితే నేను ముందు చెప్పేది ఒక్కటే: దాన్ని ఇప్పుడే మొత్తం విప్పకండి. రంగు వెలిసిపోయి ఉండొచ్చు, సీట్లు చిరిగి ఉండొచ్చు, కింద ఎక్కడో ఆయిల్ కారుతూ ఉండొచ్చు. ఉండనివ్వండి. బ్రేకులు, టైర్లు, స్టీరింగ్, పెట్రోల్ పైపులు ముందు బాగుచేసుకుని బండిని రోడ్డెక్కించండి. మిగతావన్నీ నడుపుకుంటూ, ఒకదాని తర్వాత ఒకటి చూసుకోవచ్చు.

ఈ మాట చాలామందికి నచ్చదు. పాత కారు అనగానే కళ్లముందు మెదిలేది అద్దంలా మెరిసే బండి. రేకు బయటపడేదాకా పాత రంగు గీకించి, ప్రతి నట్టూ కొత్తది వేసి, ఫ్యాక్టరీ నుంచి నిన్ననే వచ్చినట్టు తయారుచేయాలని ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. కానీ మొదటి పనిగా దాన్ని పెట్టుకున్న బండ్లు ఎక్కువ భాగం మళ్లీ రోడ్డు ముఖం చూడకుండానే చేతులు మారడం నేను చూస్తూ వచ్చాను. అమ్మకం ప్రకటనలు చదివితే మీకే తెలుస్తుంది. "పని దాదాపు అయిపోయింది, సామాన్లన్నీ డబ్బాల్లో ఉన్నాయి" అని రాసిన బండ్లు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. ఇంజిన్ ఒకచోట, డోర్లు ఇంకోచోట, అద్దాలు అటక మీద.

విప్పడానికి పానా ఉంటే చాలు. బిగించడానికి మాత్రం ఏ వాషర్ ఎటువైపు ఉండేదో, ఏ వైరు ఏ క్లిప్పు కింద నుంచి వెళ్లేదో, డోర్ కీలు వెనక పెట్టిన పల్చటి రేకుముక్క ఏ పక్కదో గుర్తుండాలి. ఆర్నెల్లు పోతే ఎవరికీ గుర్తుండదు. ఫోటోలు తీసుకున్నా, మనం తీయని కోణంలోనే సందేహం వస్తుంది. ఇదంతా దాటి బండిని నిలబెట్టినా ఇంకో చిక్కు ఎదురవుతుంది. అన్నీ ఒకేసారి మార్చేశాం కాబట్టి, స్టార్ట్ కాకపోతే తప్పు ఎక్కడుందో చెప్పలేం. కొత్త కాయిల్, కొత్త వైరింగ్, కొత్త కార్బొరేటర్ కిట్, కొత్త పెట్రోల్ పంపు. ప్రతిదీ కొత్తదే, అందుకే ప్రతిదాన్నీ అనుమానించాలి. నడుస్తున్న బండిలో ఒక్క వస్తువు మారిస్తే ఆ గొడవ లేదు. నిన్న బాగుంది, ఈరోజు బాగాలేదు, మధ్యలో ముట్టుకున్నది ఒక్కటే.

నా కారు 1960ల నాటి ఫియట్ 1100. స్టీరింగ్ కిందే గేర్ రాడ్, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు, బానెట్ ఎత్తితే ఇంజిన్ చుట్టూ చేయి పట్టేంత ఖాళీ. ముందు బంపర్ మీద క్రోమ్ పొక్కులు లేచింది. ఎడమ ఫెండర్ మీద ఎప్పుడో ఎవరో వేసిన రంగు మిగతా బండితో కలవదు. నేను దాన్ని అలాగే వదిలేశాను. చూసినవాళ్లు "ఇంకా పెయింట్ వేయించలేదా?" అంటారు. బండి మాత్రం తాళం తిప్పితే లేస్తుంది, ఎంత దూరమైనా వెళ్లి వస్తుంది. నాకు ముఖ్యమైనది అదే.

నడపడం వల్ల ఏం తెలుస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. ఒక దశలో ఈ బండి వేడెక్కాక ఆగిపోయేది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్ట్ అయ్యేది, అరగంట ఏ తేడా లేకుండా నడిచేది, తర్వాత మిస్సింగ్ మొదలై, పికప్ పడిపోయి, ఆగేది. కాసేపు చల్లారనిస్తే ఏమీ జరగనట్టు మళ్లీ లేచేది. పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బొరేటర్‌ను ఓవర్‌హాల్ చేయించమని అందరూ ఒకే మాట. వాళ్ల మాటలోనూ అర్థముంది. పాత బండ్లలో పెట్రోల్ పైపు వేడి ఎగ్జాస్ట్‌కు దగ్గరగా వెళ్తుంది. పైపులోనే పెట్రోల్ ఆవిరైపోతే పంపు దాన్ని లాగలేదు. ఇప్పటి పెట్రోల్ ఆనాటి దానికన్నా త్వరగా ఆవిరవుతుంది కాబట్టి ఆ బాధ ఇంకాస్త ఎక్కువ.

కానీ ఊహ మీద కార్బొరేటర్ విప్పడం కన్నా, బండి ఆగిన చోటే రెండు పరీక్షలు చేయడం మేలు. ఎయిర్ ఫిల్టర్ తీసి, పైనుంచి కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ, చేత్తో యాక్సిలరేటర్ లింకు తిప్పాలి. లోపల సన్నటి పెట్రోల్ ధార చిమ్మితే పెట్రోల్ అందుతోందని అర్థం. నా బండిలో చిమ్మింది. ఇక ఫిల్టర్ పెట్టేసి, పెట్రోల్ ఆవిరి పోయేదాకా ఆగి, ఒక స్పేర్ ప్లగ్‌ను వైరుకు తగిలించి, దాని లోహపు భాగాన్ని ఇంజిన్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టించాను. స్పార్క్ వచ్చింది, కానీ పసుపుగా, పల్చగా. ఆరోగ్యంగా ఉన్న స్పార్క్ నీలంగా, చిటచిటమని వినిపిస్తూ దూకుతుంది. ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే, లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ కరెంటును తెంపే పాయింట్ల ముఖాలు నల్లగా కాలి ఉన్నాయి.

దోషి కండెన్సర్. వేలి కణుపంత రేకు గొట్టం, లోపల సుమారు 0.2 మైక్రోఫారడ్ కెపాసిటర్. పాయింట్లు తెరుచుకోగానే కాయిల్‌లో కరెంటు ఒక్కసారిగా తెగాలి. అలా తెగితేనే కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం కుప్పకూలి, రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. కండెన్సర్ సరిగా లేకపోతే కరెంటు తెగకుండా పాయింట్ల మధ్యే మెరుపులా దూకుతుంది. పాయింట్లు కాలతాయి, ప్లగ్ దగ్గరికి శక్తి చేరదు. లోపలి ఇన్సులేషన్ పాడైన కండెన్సర్ చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది, వేడెక్కితే చేతులెత్తేస్తుంది. అందుకే చల్లారితే బండి లేచేది. ఒక్క స్క్రూ, ఒక్క వైరు, కొత్త పాయింట్ల సెట్టు. సందు కొలిచే పల్చటి రేకు, అంటే ఫీలర్ గేజ్‌తో పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, ఆ తర్వాత టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం చూసుకుంటే పని అయిపోయింది. గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. గ్యాప్ మారితే టైమింగ్ కూడా కదులుతుంది కాబట్టి ఆ వరస తప్పకూడదు. కార్బొరేటర్ కంప్లైంట్లలో చాలావరకు ఇగ్నిషన్, అంటే స్పార్క్ వైపు కంప్లైంట్లేనని పాత మెకానిక్‌లు ఊరికే అనరు.

ఈ పాయింట్ల పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించాడు. 1910 మోడల్ కాడిలాక్‌తో అది కార్లలోకి వచ్చి, 1970ల దాకా ప్రపంచంలోని కార్లను చాలావరకు నడిపించింది. దానిలో దాపరికం ఏమీ లేదు. మూత తీసి, చేత్తో ఇంజిన్ తిప్పుతూ చూస్తే పాయింట్లు తెరుచుకోవడం, మూసుకోవడం కంటికి కనిపిస్తుంది. పాత కారు మీద నా ప్రేమకు అసలు మూలం ఇదే. లోపల జరిగేది మామూలు మనిషి చూసి, అర్థం చేసుకుని, బాగుచేయగలడు. మొత్తం విప్పేసి బయట మనుషుల చేత కట్టించుకున్న బండిలో, యజమాని దాన్ని అర్థం చేసుకునే సందర్భమే రాదు. మెరిసే బండి చేతికొస్తుంది, దాని గురించి మాత్రం కొన్నరోజు ఎంత తెలుసో అంతే తెలిసి ఉంటుంది.

పైగా ఒక కారు గురించి తెలిసింది ఇంకో కారుకు పనికిరాకపోవచ్చు. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి ఎర్త్ చేసి ఉంటుంది. తెలియక మామూలు రేడియో తగిలిస్తే అది కాలిపోవచ్చు. ఇంకా పాత బ్రిటిష్ బండ్లలో విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతల మరలు ఉంటాయి. వాటి పానాల మీద రాసి ఉండే కొలత నట్టు వెడల్పుది కాదు, బోల్టు మందానిది. మెట్రిక్ పానా దాదాపు సరిపోయినట్టే ఉండి నట్టు అంచులు తినేస్తుంది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ సంగతి మరీ సున్నితం. దాని సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగ్ అన్నీ ఒకే హైడ్రాలిక్ ద్రవంతో పనిచేస్తాయి. మొదటి బండ్లలో ఎర్ర ద్రవం వాడేవారు, 1960ల రెండో సగంలో ఆకుపచ్చ మినరల్ ఆయిల్‌కు మారారు. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీల్స్ అన్నీ పాడవుతాయి. పాత కారు ఇంటికొచ్చిన మొదటి వారంలో స్క్రూడ్రైవర్ కన్నా ఆ మోడల్ ఫ్యాక్టరీ వర్క్‌షాప్ మాన్యువల్ ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక అసలు రంగు, అసలు సీటు గుడ్డ, అసలు మచ్చలు ఎందుకు ఉండాలి? పాత వాహన సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన టూరిన్ చార్టర్ నా వాదనకు బలమైన ఆధారం. కట్టడాల పరిరక్షణ కోసం 1964లో వచ్చిన వెనిస్ చార్టర్ దానికి స్ఫూర్తి. చారిత్రక వాహనాన్ని ఉన్నది ఉన్నట్టు కాపాడటానికే అందులో మొదటి పీట, కొత్తగా తయారుచేయడం ఆ తర్వాతి మాట. చేసిన మార్పులు రాసిపెట్టాలని కూడా చెబుతుంది. పాత గుడి స్తంభాలకు నూనెరంగు పూస్తే మనకు ప్రాణం చివుక్కుమంటుంది కదా. కారు విషయంలో మాత్రం పాత రంగు గీకేయడం గౌరవమని ఎందుకు అనుకుంటున్నాం? ఫ్యాక్టరీ కార్మికుడు సుద్దతో వేసిన గుర్తు, అప్పటి వైరింగ్ మీద గుడ్డ చుట్టిన తీరు, పెడల్ రబ్బరు ఏ మూల ఎక్కువ అరిగిందో, ఇవన్నీ ఆ బండికే చెందిన ఆధారాలు. ఒకసారి పోతే ఏ కొట్లోనూ దొరకవు.

కొత్తగా చేసిన భాగాలు పాతవాటికన్నా మంచివనే నమ్మకం కూడా నాకు లేదు. ఇప్పుడు తయారయ్యే రబ్బరు బుష్‌లు, కండెన్సర్లు, రోటర్లలో నాణ్యత ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. పనిచేస్తున్న పాత భాగాన్ని "ఎలాగూ విప్పాం కదా" అని తీసి పారేసి, దానికన్నా నాసిరకం కొత్తది వేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. తీసినదాన్ని కనీసం శుభ్రం చేసి, చీటీ కట్టి దాచండి.

అలాగని నేను మార్పులకే విరోధిని కాను. వెనక్కి తీసుకోగలిగిన మార్పు ఏదైనా నాకు సమ్మతమే. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్ల స్థానంలో చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టుకోవచ్చు, రేపు ఎవరైనా అరగంటలో తీసేసి పాయింట్లు పెట్టుకుంటారు. కొత్త స్పీకర్ల కోసం డోర్ రేకు కోయడం మాత్రం ఒప్పుకోను. కోసిన రేకు మళ్లీ అతకదు, అతికించినా అది పాత రేకు కాదు.

ప్రాణానికి సంబంధించిన చోట మాత్రం అసలుతనం మాట వినదలచుకోలేదు. టైరు గ్రిప్పులు ఎంత లోతుగా ఉన్నా దాని వయసు చూడాలి. 2000 నుంచి తయారైన టైర్ల మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. మూడంకెలే కనిపిస్తే ఆ టైరు పోయిన శతాబ్దానిది, దానిమీద ఒక్క కిలోమీటరు కూడా వద్దు. 1960ల దాకా చాలా కార్లలో బ్రేకులన్నిటికీ ఒకే హైడ్రాలిక్ సర్క్యూట్. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోయినట్టే. అమెరికాలో విడి సర్క్యూట్లను తప్పనిసరి చేసిన నిబంధన 1968లోగానీ రాలేదు. కాబట్టి పాత బండిలో బ్రేక్ పైపులు, పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్, చక్రాల దగ్గర ఉండే వీల్ సిలిండర్ల సీల్స్ కొన్న వెంటనే చూసుకోవాలి.

బ్రేక్ గొట్టాల్లో ఒక మాయ ఉంది, అది తెలిసుంటే చాలా శ్రమ తప్పుతుంది. చక్రం దగ్గరికి వెళ్లే రబ్బరు గొట్టం బయటికి నల్లగా, నున్నగా బాగానే కనిపిస్తుంది. లోపల మాత్రం వాచి, దారి సన్నబడిపోతుంది. పెడల్ బలంగా తొక్కితే ద్రవం ముందుకు వెళ్తుంది, వదిలితే తిరిగి రాలేదు. చక్రం పట్టేసి ఉంటుంది, డ్రమ్ము చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. చాలామంది షూలు, స్ప్రింగులు మార్చి అలసిపోతారు. పరీక్ష తేలిక. ముందు, గొట్టానికి ఎగువన ఉన్న ఇనుప పైపు జాయింట్ కొద్దిగా వదులు చేయండి. అప్పటికీ చక్రం తిరగకపోతే, చక్రం దగ్గర గాలి, ద్రవం బయటికి వదలడానికి ఉండే బ్లీడ్ నిపుల్ వదులు చేయండి. అప్పుడు చక్రం తిరిగితే తప్పు ఆ గొట్టానిదే. మొదటి జాయింట్ వదులు చేసినప్పుడే తిరిగితే మాస్టర్ సిలిండర్ వైపు చూడాలి. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుందని, తేమ చేరితే దాని మరిగే స్థాయి బాగా పడిపోతుందని కూడా గుర్తుంచుకోండి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ తట్టుకోవాలి. తేమ పట్టాక ఆ కనీస స్థాయి 155. బండి నడవకపోయినా ఆయిల్ పాడవుతూనే ఉంటుంది. పాత బ్రేక్ లైనర్లలో, పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. డ్రమ్ము తీశాక ఆ పొడిని నోటితో గానీ, ఎయిర్ గన్‌తో గానీ ఊదొద్దు. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

పెట్రోల్ గురించి భయం అనవసరంగా పెద్దదైందని నా అభిప్రాయం. ఇంజిన్ లోపల టకటక కొట్టుకోకుండా (నాకింగ్) ఆపడానికి సీసం కలిసిన టెట్రాఇథైల్ లెడ్ పనికొస్తుందని 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్‌లీ బృందం కనుక్కుంది. ఆ సీసమే ఎగ్జాస్ట్ వాల్వు సీటు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచు) మీద పల్చటి పొరలా నిలిచి దాన్ని కాపాడేది. విషం కాబట్టి సీసం పోవాల్సిందే, 2021 నాటికి ప్రపంచంలో ఎక్కడా కార్ల కోసం సీసం పెట్రోల్ అమ్మడం లేదు. ఇప్పుడు మెత్తని సీట్లున్న ఇంజిన్‌లో వాల్వు కొద్దికొద్దిగా సీట్లోకి దిగుతుంది. దానికోసం ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌ను ముందుగానే విప్పి గట్టి సీట్లు వేయించాలంటారు. అక్కర్లేదు. వాల్వు దిగుతుంటే ఎగ్జాస్ట్ టాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సందు, తగ్గుతూ వస్తుంది. టాపెట్లు సరిచేసిన ప్రతిసారీ కొలత ఒక పుస్తకంలో రాసుకోండి. నిదానంగా నడిపే బండిలో ఆ మార్పు చాలా కాలం కనిపించకపోవచ్చు. తరచుగా తగ్గుతుంటే అప్పుడు వాల్వులుండే ఇంజిన్ పై భాగం, అంటే హెడ్ దింపండి. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు మాత్రం పాత రబ్బరు పైపులు తట్టుకోలేవు. వాటిని ఇథనాల్‌కు పనికొచ్చే రకంతో వెంటనే మార్చాలి, వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారితే మిగిలేది మంటే.

నా వాదనకు నిజంగా ఎదురు నిలిచేది తుప్పు. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే రంగు కింద పొక్కులు లేస్తాయి, అతుకుల మధ్య రేకులు ఉబ్బుతాయి. డోర్ల కింద పొడవునా సాగే పెట్టెలాంటి భాగం, సస్పెన్షన్ బిగించే చోట్లు తుప్పుపట్టి పోతే, ఆ బండి నడపదగ్గది కాదు. పుట్టీ పెట్టి రంగు వేసిన చోట అయస్కాంతం అంటుకోదు. చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి కింది అంచుల వెంట తిప్పితే, అమ్మేవాళ్లు చెప్పనిది అది చెప్తుంది. అలాంటి చోట కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే, ఆ పని ఆలస్యం చేయమని నేనెప్పుడూ అనను. కానీ అదీ ఒక్కో వైపు చేయించండి. డోర్లు బిగించి ఉండగానే, బాడీ వంగకుండా లోపల బలమైన ఊతం పెట్టించి చేయిస్తే, పని అయ్యాక డోరు సరిగ్గా పడుతుంది. తుప్పు లేనిచోట్ల మాత్రం డోర్ల కింద, ఫెండర్ల లోపల ఉండే చిన్న చిన్న నీటి రంధ్రాలు తీగతో శుభ్రం చేసుకుంటే చాలు. పొరల మీద పొరలు రంగు వేయించి, ఆ రంధ్రాలు మూసేసిన బండ్లు లోపలి నుంచి కుళ్లిపోతాయి.

ఇంకా కారు కొననివాళ్లకు ఒక మాట. ఎక్కువగా తయారైన మోడల్ చూసుకోండి. ఫోర్డ్ మోడల్ టీ 1908 నుంచి 1927 వరకు కోటిన్నర తయారైంది. ఫోక్స్‌వాగన్ బీటిల్ 2003లో ఆగేసరికి రెండు కోట్ల పదిహేను లక్షలు దాటింది. 1962 నుంచి 1980 వరకు వచ్చిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ అయిదు లక్షలకు పైనే. వీటికి విడిభాగాలు, మాన్యువల్స్, తెలిసిన మనుషులు దొరుకుతారు. అరుదైన కారులో ఇంజిన్ ఎలాగో బాగుపడుతుంది. టెయిల్ లైటు అద్దం పగిలిందో, దానికోసం ఏళ్లు వెతకాలి. సగం విప్పిన బండి ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. రంగు పోయినా స్టార్ట్ అయ్యే బండికి ఎక్కువ ఇవ్వండి.

పాత కార్ల ప్రదర్శనల్లో నాకు తీరని అసంతృప్తి ఒకటుంది. ట్రక్కు మీద వచ్చి, ట్రక్కు మీదే వెళ్లిపోయే బండ్లకు బహుమతులు దక్కుతుంటాయి. టైరు గాడుల్లో ఒక్క ఇసుక రేణువు ఉండదు. దూరం నుంచి నడుపుకుంటూ వచ్చిన బండి పక్కనే దుమ్ముతో నిలబడి ఉంటుంది, దాని దగ్గర ఎవరూ ఆగరు. వాడిన కార్లను మార్చకుండా కాపాడినందుకు విడిగా బహుమతులిచ్చే ప్రదర్శనలు ఇప్పుడు ఉన్నాయి, అది మంచి మార్పు. ఇంకో అడుగు వేయాలని నా కోరిక. మార్కులు వేసేవాళ్లు బానెట్ కింద టార్చి కొట్టి చూడటంతో ఆగకుండా, యజమానిని బండెక్కించి అరగంట నడిపించాలి. వచ్చాక ఇంజిన్ ఆపించి, పది నిమిషాలు వేడిలోనే ఉంచి, మళ్లీ సెల్ఫ్ కొట్టమనాలి. లేచిన బండ్లకే ఆ తర్వాత రంగు మార్కులు.